చెరిపివేసిన చిత్రములు – చిక్కిన రంగులు

లండను నగరములోని ఒక ఉన్నత పాఠశాల. బడి విడిచిన తరువాత ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు విజ్ఞానశాస్త్రము, ఒకరు చరిత్ర బోధించువారు, తమ విద్యార్థిని నొకతెను గూర్చి మాటలాడుకొనుచుందురు. సూసన్ అను ఆ బాలికకు కొన్ని విషయములలో ఉపాధ్యాయులను మించిన జ్ఞానము కలదు. కాని ఒక పౌనునకు ఎన్ని షిల్లింగులో ఆమె ఎరుగదు. ఈ దేశములో దశాంశ నాణెములు వాడుదురనుకొంటినని ఆమె సమాధానము. లెక్క ఇచ్చినచో పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు పరిమాణములు చాలవు, కాలమును నాలుగవదిగా చేర్చవలెనని పట్టుపట్టును. ఆశ్చర్యపడి వారిరువురు ఆమె ఇంటిని వెదకుచు పోగా అక్కడ ఇల్లే లేదు. పాత సామానుల దొడ్డిలో పోలీసువారి ఫోను గది ఒకటి మాత్రము నిలిచియున్నది.

1963 నవంబరు 23వ తేదీ, శనివారము సాయంకాలము, బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను, అనగా బి.బి.సి., ప్రసారము చేసిన ‘డాక్టర్ హూ’ అను వైజ్ఞానిక కల్పనా ధారావాహిక ఇట్లు ఆరంభమైనది. బ్రిటనులో దశాంశ నాణెములు నిజముగా వచ్చినది 1971 ఫిబ్రవరి 15న. భారతదేశములో అవి 1957 ఏప్రిల్ 1ననే వాడుకలోనికి వచ్చినవి గనుక, ఆనాటి మన బడిపిల్లలకు సూసన్ మాట అంత వింతగా తోచియుండదు.

ఆ మొదటి భాగమును నేడును చూడవచ్చును. కాని మొదటి ఆరేండ్లలో ప్రసారమైన 253 భాగములలో వందకు కొంచెము తక్కువ భాగములకు చిత్రము లేదు. ఆ 253 భాగముల మూలపు టేపులలో ఒక్కటియు మిగులలేదు. అవి అగ్నిప్రమాదములో పోలేదు, దొంగలపాలు కాలేదు. తీసినవారి సంస్థయే వానిని చెరిపివేసినది. అవి ఎందుకు చెరిగినవి, చెరిగిన వానిలో కొన్ని ఎట్లు తిరిగి వచ్చినవి అను సంగతి తెలియవలెనన్న, ముందు వానిని ఎట్లు తీసిరో తెలిసికొనవలెను.

శనివారపు అరగంట

1963లో బి.బి.సి. టెలివిజను నాటక శాఖకు అధిపతి కెనడా దేశీయుడగు సిడ్నీ న్యూమన్. శనివారము సాయంకాలము ఆటల కార్యక్రమమునకును, యువకులు మెచ్చు పాటల కార్యక్రమమునకును నడుమ కొంత వ్యవధి యుండెను. పిల్లలు, పెద్దలు కలిసి చూడదగినది ఏదైన ఆ వేళకు కావలసివచ్చెను. కాలములో ముందునకు, వెనుకకు పోగల యంత్రమొకటి ఉన్నచో, గతములోనికి పోయిన కథలు చరిత్రను, భవిష్యత్తునకు, ఇతర గ్రహములకు పోయిన కథలు విజ్ఞానమును పరిచయము చేయునని వారు తలచిరి. కథలో చరిత్ర ఉపాధ్యాయిని, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు ఉండుటకు కారణమిదియే.

నిర్మాణ బాధ్యత వెరిటీ లాంబర్ట్ అను 27 ఏండ్ల యువతికి అప్పగింపబడినది. అప్పటి ఆ నాటక శాఖలో నిర్మాతగా నున్న స్త్రీ ఆమె ఒక్కతెయే. మొదటి కథకు దర్శకత్వము వహించిన వారిస్ హుస్సేన్ 1938లో లక్నోలో జన్మించినవాడు. కాలయంత్రమునకు అధిపతియగు ‘డాక్టరు’ పాత్రను విలియం హార్ట్‌నెల్ ధరించెను. సెప్టెంబరు చివర తీసిన మొదటి భాగము న్యూమనుకు నచ్చలేదు. అక్టోబరు 18న దానిని మొదటినుండి మరల తీసిరి. నేడు మనము చూచునది ఈ రెండవ ప్రయత్నమే.

కాలయంత్రమునకు పోలీసు ఫోను గది రూపము నిచ్చుట మంచి యుక్తి. ఆనాటి బ్రిటిష్ వీధులలో పౌరులు పోలీసులకు కబురు చేయుటకై అట్టి నీలపు గదులుండెడివి. ప్రేక్షకుడు దానిని ప్రతిదినము చూచినవాడే. ఆ తలుపు తెరచి లోనికి పోగానే, వెలుపలికంటె ఎన్నోరెట్లు విశాలమైన యంత్రశాల కనబడును. వింతను కలిగించుటకు పెద్ద ఖర్చు అక్కరలేకపోయెను.

ఖర్చు విషయములో వారు జాగ్రత్తపడక తప్పలేదు. చిత్రీకరణ లైమ్ గ్రోవ్ అను చోట, పూర్వము సినిమాలు తీసిన పాత భవనములో జరిగెను. వారికి దొరికిన ‘డి’ స్టూడియో చిన్నది, గాలి చాలనిది, దీపముల వేడికి ఉడికిపోవునది. నటులు సోమవారమునుండి నాలుగు దినములు వేరొక హాలులో అభ్యాసము చేసి, శుక్రవారము స్టూడియోకు వచ్చెడివారు. పగలంతయు కెమెరాలతో అభ్యాసము, రాత్రికి చిత్రీకరణ. మరల సోమవారము మరియొక భాగము. ఇట్లు వారమునకు 25 నిమిషముల భాగమొకటి సిద్ధము కావలెను.

కోసి అతికిన సంగీతము

ఈ ధారావాహిక ఆరంభమున వచ్చు సంగీతమును రాన్ గ్రైనర్ కూర్చెను. దానిని వినిపించునట్లు చేసినది మాత్రము బి.బి.సి. వారి రేడియోఫోనిక్ వర్కుషాపు. 1958లో స్థాపింపబడిన ఆ శబ్దప్రయోగశాలలో పనిచేయు డీలియా డెర్బిషైర్ కేంబ్రిడ్జిలో గణితము, సంగీతము చదివినది. అప్పటికి నేటివంటి విద్యుత్ వాద్యములు లేవు. బిగించిన తీగను మీటిన శబ్దమును, విద్యుత్ కంపన యంత్రము వెలువరించు శుద్ధస్వరములను ఆమె టేపుపై పట్టెను.

టేపును రెట్టింపు వేగముతో నడిపినచో శబ్దపు పౌనఃపున్యము రెట్టింపగును. అనగా మధ్యస్థాయి షడ్జము తారస్థాయి షడ్జమగును. ఈ విధముగా ఒక్క శబ్దమునుండి అన్ని స్వరములను రాబట్టవచ్చును. ఇక కాలము? టేపు సెకనుకు 15 అంగుళములు నడచునపుడు, అరసెకను స్వరమునకు ఏడున్నర అంగుళముల ముక్క కావలెను. ఇట్లు కొలిచి, బ్లేడుతో కోసి, ఒక్కొక్క స్వరమును వరుసగా అతికిరి. మంద్రస్వరములకొక టేపు, రాగమునకొక టేపు, తక్కిన ధ్వనులకొక టేపు తయారుచేసి, వేర్వేరు యంత్రములపై వానిని ఒక్కసారిగా నడిపి కలిపిరి. ఈ పనిలో డిక్ మిల్స్ ఆమెకు సహాయపడెను. ఆనాటి సంస్థ నియమముల ననుసరించి వర్కుషాపు ఉద్యోగుల పేర్లు తెరపై వేయలేదు. డీలియా పేరు ఈ ధారావాహికపై మొదటిసారి కనబడినది 2013లో, ఆమె మరణించిన పండ్రెండేండ్లకు.

కాలయంత్రము కదలునప్పటి రొద బ్రయన్ హాడ్జ్‌సన్ కల్పన. ఆయన పాత పియానోలోని లావుపాటి తీగపై ఇంటి తాళపుచెవితో గీచి, ఆ శబ్దమును టేపుపై ముందువెనుకలుగా మార్చెను. ‘డాలెక్కులు’ అను శత్రుజాతి మాటలాడు కర్కశ స్వరమునకు వేరొక ఉపాయము. నటుని కంఠధ్వనిని సెకనుకు 30 కంపనముల తరంగముతో గుణించు విద్యుద్వలయము గుండా పంపిరి. అప్పుడు 300 కంపనముల ధ్వనికి బదులు 270, 330 కంపనములు గల రెండు ధ్వనులు వెలువడును. మానవ కంఠములో ఇట్టి జంటలు సహజముగా నుండవు గనుక అది యంత్రపు గొంతువలె తోచును.

ఆరంభమున తెరపై సుడులు తిరుగు పొగవంటి ఆకారములు చేతితో గీచినవి కావు. సభలలో మైకును లౌడుస్పీకరు ఎదుట పెట్టినచో అది కూయును. తన శబ్దమును తానే మరల గ్రహించి పెంచుటయే అందుకు కారణము. కెమెరాను దాని చిత్రమునే చూపు తెరవైపు త్రిప్పినచో వెలుగు విషయములోను అట్లే జరుగును. బెర్నార్డ్ లాడ్జ్ ఆ ‘చిత్రపు కూత’నే ఆరంభ దృశ్యముగా మలచెను.

అడ్డముగా దున్నిన పొలము

శబ్దమును టేపుపై పట్టుట అప్పటికి తెలిసిన పనియే. చిత్రమును పట్టుటయే కష్టము. టెలివిజను చిత్రము ఒక్కసారిగా పోదు. దానిని గీతలుగా విడదీసి, ప్రతి గీతలోని వెలుగునీడలను విద్యుత్ సంకేతముగా మార్చి వరుసగా పంపుదురు. ఆనాటి బ్రిటిష్ పద్ధతిలో చిత్రమునకు 405 గీతలు, సెకనుకు 25 చిత్రములు. అనగా సెకనుకు 10,125 గీతలు. ఒక్కొక్క గీతలోని సూక్ష్మభేదములను తెలుపుటకు ఆ సంకేతము సెకనుకు 30 లక్షల కంపనముల వరకు పోవలెను. మన చెవికి వినబడు శబ్దము 20,000 కంపనములకు మించదు. అనగా చిత్రమునకు 150 రెట్ల వేగము కావలెను.

శబ్దమునకు వలెనే చిత్రమునకును టేపు నిడివిగా నడపవలెనన్న, సెకనుకు 15 అంగుళములకు బదులు 2,250 అంగుళములు, అనగా 57 మీటర్లు నడపవలసియుండును. 25 నిమిషముల భాగమునకు సుమారు 85 కిలోమీటర్ల టేపు పట్టును! 1956లో అమెరికాలోని ఆంపెక్స్ సంస్థవారు ఈ చిక్కును తెలివిగా తప్పించిరి. పొలమును నిడివిగా కాక అడ్డముగా దున్నినట్లు, రెండంగుళముల వెడల్పు గల టేపుపై వారు అడ్డముగా వ్రాసిరి. నాలుగు అయస్కాంత శిరస్సులు గల చిన్న చక్రము, బ్రిటిష్ పద్ధతిలో సెకనుకు 250 సార్లు తిరుగుచు టేపును అడ్డముగా తాకుచుండును. శిరస్సుల వేగము సెకనుకు 40 మీటర్లు. టేపు నడక మాత్రము 40 సెంటీమీటర్లే. ఇప్పుడు ఒక భాగమునకు సుమారు 600 మీటర్ల టేపు చాలును.

అయినను ఆ టేపును కోయుట తేలిక కాదు. సినిమా ఫిల్మువలె దానిపై బొమ్మ కనబడదు. సన్నని ఇనుపపొడి కలిపిన ద్రవమును పూసి, సూక్ష్మదర్శినితో అడ్డుజాడలను గుర్తించి, సరిగా రెండు చిత్రముల నడుమ కోయవలెను. గురి తప్పినచో చిత్రము ఎగిరిపడును. పైగా కోసిన టేపు మరల వాడుటకు అంతగా పనికిరాదు. అందుచేత నాటకము ఆడినట్లే, వీలైనంతవరకు ఆపకుండ, కథాక్రమములోనే చిత్రీకరించెడివారు. హార్ట్‌నెల్ తడబడి పలికిన మాటలు కొన్ని నేటికిని ఆ భాగములలో వినబడుటకు ఇదియే హేతువు.

పలక తుడిచినట్లు

అయస్కాంత టేపునకు ఒక గొప్ప సుగుణము కలదు. పలకవలె దానిని తుడిచి మరల వ్రాయవచ్చును. ఆ సుగుణమే ఇక్కడ చేటు తెచ్చినది. టేపు చాల ఖరీదైనది. నటుల సంఘముతో చేసికొన్న ఒప్పందములవలన పాత నాటకములను మరల మరల ప్రసారము చేయుటకు వీలులేదు. ఇంటిలో కార్యక్రమములను దాచుకొని చూచు యంత్రములు వాడుకలోనికి రాలేదు. 1960ల చివర రంగుల ప్రసారములు వచ్చుటతో నలుపుతెలుపు చిత్రములకు ఇక గిరాకీ యుండదని తలచిరి. అందుచే 1967 మొదలు 1970ల వరకు ఆ టేపులు తుడువబడి వేరు కార్యక్రమములకు వినియోగింపబడినవి. ఆనాటి లెక్కలో అది దుబారాను అరికట్టుటయే.

అయితే విదేశములకు అమ్ముటకై దాదాపు ప్రతి భాగమునకును ఫిల్ము ప్రతులు తీసెడివారు. ప్రత్యేకమైన తెరపై టేపును ప్రదర్శించి, ఎదుట నిలిపిన 16 మిల్లీమీటర్ల సినిమా కెమెరాతో దానిని ఫిల్ముపైకి ఎక్కించెడివారు. అమ్మకపు శాఖ గడువు తీరిన ఫిల్ములను పారవేసినది. మూలములు వేరొకచోట ఉండునని ఆ శాఖ అనుకొన్నది. ఫిల్ము గ్రంథాలయమువారు టేపు కార్యక్రమములు తమ బాధ్యత కాదనుకొనిరి. దాచవలసిన పని ఎవరికిని అప్పగింపబడకపోవుటయే అసలు లోపము. 1978లో గాని ఈ నాశనము నిలువలేదు.

మారుమూలల నుండి

ఆ తరువాత వెదకుట ఆరంభమైనది. ఫిల్ములు ఒక దేశపు టెలివిజను కేంద్రమునుండి మరియొక దేశమునకు పోవుచుండెడివి. కొన్ని తిరిగి రాలేదు. అట్టి అశ్రద్ధ ఇప్పుడు మేలు చేసినది. 1967లో ప్రసారమైన ఒక కథ నాలుగు భాగములును హాంకాంగునుండి వచ్చి, 1992లో మరల లోకమునకు అందినవి. నైజీరియాలోని జోస్ నగరపు టెలివిజను కేంద్రములో దొరికిన 9 భాగముల సంగతి 2013లో వెల్లడియైనది. ఆస్ట్రేలియాలో సెన్సారువారు పిల్లలు చూడరాదని కత్తిరించిన ముక్కలు 1996లో ఆ దేశపు ప్రభుత్వ దస్తావేజులలో బయటపడినవి. పూర్తి భాగములు పోయి, నిషేధింపబడిన ముక్కలు మిగిలినవి!

పోయిన భాగములలో ప్రతిదానికిని శబ్దము మాత్రము దక్కినది. అది సంస్థ చేసిన పని కాదు. కొందరు ప్రేక్షకులు, వారిలో కుర్రవారు చాలమంది, తమ ఇండ్లలో టెలివిజను చెంత టేపు రికార్డరు పెట్టి ధ్వనిని పట్టియుంచిరి. 1966లో ప్రసారమై పూర్తిగా పోయిన ఆరు భాగముల కథ యొకటి, ఆ శబ్దమునకు కొత్తగా గీచిన కదలు బొమ్మలు జతచేయగా, 2016లో మరల చూపరుల ముందునకు వచ్చెను.

నలుపుతెలుపులో దాగిన రంగు

1970నుండి ‘డాక్టర్ హూ’ రంగులలో ప్రసారమైనది. అప్పటికి గీతలు 625. ఈ కాలపు రంగుల టేపులలోను కొన్ని తుడువబడి, విదేశములకు పంపిన నలుపుతెలుపు ఫిల్ములు మాత్రము మిగిలినవి. రంగు లేని ఫిల్మునుండి రంగును రాబట్టుట సాధ్యమా? సాధ్యమని తేలినది.

రంగుల టెలివిజను పద్ధతిలో వెలుగునీడల సంకేతముతోపాటు రంగును తెలుపు మరియొక తరంగమును పంపుదురు. బ్రిటనులో దాని పౌనఃపున్యము సెకనుకు సుమారు 44 లక్షల 30 వేల కంపనములు. ఆ తరంగపు బలమునుబట్టి రంగు గాఢత, దాని దశనుబట్టి రంగు ఎరుపో పచ్చయో తెలియును. నలుపుతెలుపు తెరకు ఈ భాష తెలియదు. ఆ తరంగము అక్కడ సన్నని చుక్కల అల్లికగా కనబడును. దూరమునుండి చూచువానికి అది తెలియదు. దగ్గరకు పోయి చూచినచో నేతగుడ్డలోని పోగులవలె కానవచ్చును.

ఫిల్ము తీయునపుడు ఈ చుక్కలను వడకట్టి తొలగించుట సరియైన పద్ధతి. కాని పలుమార్లు ఆ వడపోత జరుగలేదు. చిత్రములో చుక్కలు మిగిలిపోయినవి. అది ఆనాటి లెక్కలో దోషము. ఆ చుక్కలలో మూలపు రంగు దాగియున్నదని గుర్తించి, దానిని వెలికితీయుటకు కొందరు ఒక బృందముగా ఏర్పడిరి. పూర్వము బి.బి.సి.లో ఇంజనీరుగా నుండిన రిచర్డ్ రస్సెల్ అందుకు కావలసిన కంప్యూటరు విధానమును రచించెను.

పని సులభముగా సాగలేదు. నాటి తెర వంపు తిరిగియుండెను, ఫిల్ము కొంత సాగియుండెను. చుక్క వెంట్రుకవాసి కదలినను దశ మారి రంగు తారుమారగును. చుక్కల అమరికనే కొలబద్దగా చేసికొని ఈ వంకరలను సరిదిద్దవలసివచ్చెను. మరియొక చిక్కు కలదు. దశను లెక్కించుటకు ఆధారమగు గుర్తు చిత్రపు అంచునకు అవతల నుండుటచే ఫిల్ముపై పడలేదు. అందుచే ఒక్కొక్కచోట నాలుగు రంగులకు అవకాశ ముండును. అందులో సరియైనది ఏదో పోల్చిచూచి నిర్ణయింపవలెను. ఈ కష్టములన్నిటిని దాటి 2008లో మరియొక బి.బి.సి. ధారావాహిక భాగమును ఇట్లు రంగులలో ప్రసారము చేసిరి. 1973 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ది డాలెక్స్’ మూడవ భాగము, ఈ పద్ధతికి విడిగా రంగులద్దు పద్ధతి కూడ తోడుకాగా, 2009లో రంగులతో వెలువడినది.

1971 నాటి ‘ది మైండ్ ఆఫ్ ఈవిల్’ అను ఆరు భాగముల కథ 2013లో రంగులలో వచ్చెను. రెండవ భాగమునుండి ఆరవ భాగమువరకు చుక్కలనుండి రంగు దొరకినది. మొదటి భాగపు ఫిల్ములో మాత్రము పనికివచ్చు చుక్కలు లేవు. చూచుటకు శుభ్రమైన ఆ ఫిల్ములో మూలపు రంగుల జాడయే మిగులలేదు. దానికి ఒక చిత్రకారుడు కంప్యూటరుపై ఊహించి రంగులద్దవలసివచ్చెను.

దీనినిబట్టి నాసిరకపు పనియే మేలని అనుకొనరాదు. ఏ సంకేతములో ఏమి దాగియున్నదో ఒక తరమువారికి పూర్తిగా తెలియదు. పనికిరానిదని తోచిన చుక్కలను చదువు నేర్పు నలుబది ఏండ్ల తరువాత వచ్చినది. ఈ ధారావాహిక దక్కినంతమేరకు దక్కుటకు కారణము ప్రతులు అనేక చోట్ల, అనేకుల చేతులలో నుండుట. పోయినదంతయు, దాచుట ఎవరి పని అను ప్రశ్న వేయనివారి చేతులలో పోయినది. నేడు పాఠశాలలోని ప్రదర్శన చిత్రములు, పెద్దల మాటల ధ్వని ముద్రణలు, విద్యార్థుల ప్రయోగ దృశ్యములు ఫోనులలోను, కంప్యూటర్లలోను నిలువయుండుచున్నవి. చోటు చాలనపుడు వానిని తుడుచుట ఆ టేపులను తుడుచుటకంటె సులభము. తుడుచుటకు ముందు వేరొకచోట ప్రతి యున్నదా అని చూచుటకు ఒక నిమిషము చాలును. శనివారపు సాయంకాలము టెలివిజను చెంత టేపు రికార్డరు పెట్టుకొని కూర్చున్న ఆ కుర్రవారు చేసినదియు అంతకంటె పెద్ద పని కాదు.